అమ్మతో పర్లాకిమిడి నుంచి మెల్‌బోర్న్ దాకా: గాల్లో పదకొండున్నర గంటలు, దారిలో నలభై గంటలు

మా చెల్లెలు మెల్‌బోర్న్‌లో ఉంటుంది. జులై మొదటి వారంలో డెలివరీ అని డాక్టర్లు చెప్పారు. అమ్మ వెళ్ళి తీరాలి. అమ్మకు డెబ్బై దాటాయి. మోకాళ్ళ నొప్పులు, బీపీ, షుగరు. విమానం ఎప్పుడూ ఎక్కలేదు. ఒక్కదాన్ని పంపే ధైర్యం లేక నేనూ తోడు వెళ్ళాను. పురుడయ్యేదాకా ఉండి ఈ మధ్యనే తిరిగొచ్చాను. ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో మాది మందుల షాపు. వచ్చిన దగ్గర్నుంచి కౌంటర్ దగ్గర అందరిదీ ఒకటే ప్రశ్న, "ఎన్ని గంటలు పడుతుంది బాబూ?" అని. గుణుపురం, రాయగడ, బరంపురం వైపుల నుంచి పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్ళకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి గొడవ దారి గురించే. బరంపురంలో మాకు తెలిసిన ఏజెంటు భువనేశ్వర్ నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి నేరుగా మెల్‌బోర్న్ వెళ్ళమన్నాడు. ఒక్కసారి మారితే చాలు, పెద్దావిడకు సుఖం అన్నాడు. చెల్లెలేమో విశాఖ నుంచి సింగపూర్, అక్కడి నుంచి మెల్‌బోర్న్ అంది. అదీ ఒక్కసారి మారడమే. రెండిట్లో ఏది దగ్గరో తేల్చుకోవడానికి మా అబ్బాయి స్కూలు గ్లోబు తీసుకుని విశాఖ దగ్గర ఒక కొస, మెల్‌బోర్న్ దగ్గర ఒక కొస పెట్టి దారం బిగించి చూశాను. దారం దాదాపు సింగపూర్ మీదుగానే పోయింది. గోడ మీది మ్యాప్ చూస్తే ఈ సంగతి ఇంత బాగా తెలియదు.

తర్వాత లెక్కలు చూస్తే అవీ అదే చెప్పాయి. విశాఖ నుంచి మెల్‌బోర్న్‌కు ఆకాశమార్గాన తిన్నగా వెళ్తే సుమారు 8,900 కిలోమీటర్లు. విశాఖ నుంచి సింగపూర్ 2,900, అక్కడి నుంచి మెల్‌బోర్న్ 6,030. కలిపితే తిన్నని దారికీ దీనికీ తేడా యాభై కిలోమీటర్ల లోపే. అదే భువనేశ్వర్ నుంచి ఢిల్లీకి 1,280 కిలోమీటర్లు వాయవ్యంగా వెళ్ళి, అక్కడి నుంచి 10,190 కిలోమీటర్లు ఆగ్నేయంగా రావాలి. మొత్తం 11,470. అంటే రెండున్నర వేల కిలోమీటర్లు అదనం. పైగా ఢిల్లీ నుంచి ఒకే విడతలో పన్నెండు గంటలకు పైగా కూర్చోవాలి. అమ్మ మోకాళ్ళకు అది కుదరదు. నాలుగు గంటలు, తర్వాత ఏడున్నర గంటలు, మధ్యలో లేచి నడవడం. ఇదే నయమనిపించింది. రోడ్డు లెక్క చూసినా మాకు భువనేశ్వర్ కంటే విశాఖే చాలా దగ్గర.

టికెట్ ఇద్దరికీ రానూపోనూ, బ్యాగేజీ, భోజనం కలిపి లక్షా ముప్పై వేలు దాటింది. విశాఖ–సింగపూర్ ఒక టికెట్, సింగపూర్–మెల్‌బోర్న్ ఇంకో టికెట్ విడివిడిగా తీసుకుంటే నాలుగైదు వేలు తగ్గేది. చెల్లెలు ఒప్పుకోలేదు. "అన్నయ్యా, ఒకే పీఎన్ఆర్ మీద ఉండాలి. మొదటి విమానం లేటయితే రెండోదాని బాధ్యత వాళ్ళదే అవుతుంది" అని పట్టుబట్టింది. ఆ మాట విని మేం ఎంత బతికిపోయామో ముందు ముందు చెప్తాను.

పేరు విషయం కూడా చూసుకోండి. ఒడిశా కాగితాల్లో అమ్మ పేరులోని లక్ష్మికి ఇంగ్లిష్‌లో ఒక స్పెల్లింగ్, ఆంధ్రాలో పుట్టింటివాళ్ళ కాగితాల్లో ఇంకో స్పెల్లింగ్. పాస్‌పోర్టులో ఏది ఉందో అక్షరం పొల్లు పోకుండా అదే టికెట్ మీద ఉండాలి. చెల్లెలు పాస్‌పోర్టు ఫొటో ఎదురుగా పెట్టుకునే బుక్ చేసింది. మన సరిహద్దు ఊళ్ళ వాళ్ళకు ఈ తిప్పలు దాదాపు ప్రతి ఇంట్లో ఉన్నవే.

బుక్ చేసేటప్పుడే వీల్‌చైర్ కావాలని పెట్టించాం. దానికి డబ్బులేమీ తీసుకోరు. అమ్మకు మాత్రం అది నామోషీగా అనిపించింది. "నేను నడవలేనా ఏంటి? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?" అని నాలుగు రోజులు సణిగింది.

జూన్ 12న మధ్యాహ్నం రెండింటికి బయల్దేరాం. విమానం రాత్రి పదకొండుకు. ఒడిశా నంబరు బండి అయితే ఆంధ్రాలోకి పర్మిట్ ఖర్చు అదనంగా అడుగుతున్నారని పాతపట్నం బండి మాట్లాడాం. టోలుతో కలిపి ఐదున్నర వేలు. నరసన్నపేట మీదుగా హైవే ఎక్కి, మడపాం టోల్‌గేట్ దాటాక అమ్మ కాస్త కునుకు తీసింది. శ్రీకాకుళం దాటి టీకి ఆగి, సాయంత్రం ఆరున్నరకు విశాఖ ఎయిర్‌పోర్టులో దిగాం. నాలుగున్నర గంటలు. విశాఖ నుంచి సింగపూర్ వెళ్ళడానికీ ఇంచుమించు అంతే పడుతుంది. అమ్మకు ఈ మాట చెబితే నమ్మలేదు.

చెకిన్ త్వరగానే అయింది. మెల్‌బోర్న్ దాకా బ్యాగులకు ఇక్కడే ట్యాగులు వేశారు. సింగపూర్‌లో తీసుకోనక్కర్లేదు. ఇమిగ్రేషన్‌లో అమ్మను రెండే ప్రశ్నలు అడిగారు. ఎవరి దగ్గరికి, ఎప్పుడు తిరిగి వస్తారు అని. వీసా కాగితం, రిటర్న్ టికెట్ ప్రింటు తీసి ఉంచాం కాబట్టి ఆలస్యం కాలేదు. వీల్‌చైర్ అబ్బాయి పక్క లైన్లోంచి తీసుకెళ్ళాడు. అప్పటికి అమ్మ నామోషీ సగం తగ్గింది.

తొమ్మిదిన్నర దాటాక అనౌన్స్‌మెంట్ వచ్చింది. సింగపూర్ నుంచి రావలసిన విమానమే ఆలస్యంగా బయల్దేరిందట. ముందు గంట అన్నారు. తర్వాత రెండు. చివరికి మాది రాత్రి రెండుంబావుకు లేచింది. సింగపూర్‌లో మాకున్న గ్యాప్ మూడున్నర గంటలకు కాస్త ఎక్కువ. అందులో మూడుంబావు ఇక్కడే పోయింది. ఆ కుర్చీల్లో కూర్చుని నేను పడ్డ టెన్షన్ ఇంతా అంతా కాదు. అమ్మకు చెప్పలేదు. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర డబ్బా తీసి తనూ తిని, పక్కన పసిబిడ్డతో ఉన్న అమ్మాయికీ పెట్టింది. రాత్రి మాత్రలు టైముకు వేయించాను.

విమానం పైకి లేచేటప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కళ్ళు మూసుకుని ఏదో జపం చేసుకుంది. పది నిమిషాల తర్వాత కళ్ళు తెరిచి, "అంతేనా?" అంది. ఆ తర్వాత నిద్రపోయింది. దిగేటప్పుడు మాత్రం చెవులు బాగా నొప్పి పెట్టాయి. నోట్లో లవంగం వేసుకుని చప్పరిస్తూ, గుటకలు మింగుతూ ఉంటే తగ్గింది. ఆ టైములో పెద్దవాళ్ళను నిద్రపోనివ్వకండి, లేపి ఏదో ఒకటి నమిలించండి.

గాల్లో ఉన్నది నాలుగు గంటల పది నిమిషాలు. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు ముందు. దిగేసరికి ఉదయం 8.55. మెల్‌బోర్న్ విమానం 9.20కి. గేటు ఎప్పుడో మూసేశారు.

ఒకే పీఎన్ఆర్ విలువ అప్పుడు తెలిసింది. ట్రాన్స్‌ఫర్ కౌంటర్ దగ్గర నలభై నిమిషాలు నిలబడితే, రాత్రి పదకొండు గంటల విమానంలో రెండు సీట్లు వేసి కొత్త బోర్డింగ్ పాసులు ఇచ్చారు. పైసా అడగలేదు. తినడానికి రెండు కూపన్లు ఇచ్చారు. హోటల్ అడిగితే కుదరదన్నారు. మాతోపాటే దిగిన ఒక కుర్రాడు విడివిడి టికెట్ల మీద వచ్చాడు. అతను అక్కడికక్కడ కొత్త టికెట్ కొనుక్కోవలసి వచ్చింది. ఫోన్లో వాళ్ళ నాన్నతో మాట్లాడుతుంటే గొంతు వణికింది. నాకు చాలా బాధేసింది.

అలా చాంగీ ఎయిర్‌పోర్టులో పద్నాలుగు గంటలు గడిపాం. ఆస్ట్రేలియా వీసా ఉన్న మన దేశస్థులు కొన్ని షరతుల మీద 96 గంటల దాకా సింగపూర్‌లోకి వీసా లేకుండా వెళ్ళొచ్చు. కానీ అమ్మను తీసుకుని ఊళ్ళో తిరిగే ఓపిక నాకు లేదు. లోపలే ఉండిపోయాం. వీల్‌చైర్ గురించి ఒక సంగతి. అది గేటు నుంచి గేటుకు తీసుకెళ్ళడానికే. పద్నాలుగు గంటలూ మన దగ్గర ఉండదు. ఒక చోట కూర్చోబెట్టి, రాత్రి తొమ్మిదిన్నరకు ఇక్కడికే వస్తామని చెప్పి తీసుకెళ్ళారు. ఆ చోటుకు ఫొటో తీసి పెట్టుకున్నాను.

అప్పటికే అమ్మ పాదాలు బూరెల్లా వాచిపోయాయి. నేను మందుల షాపువాణ్ణే అయినా చూసి భయపడ్డాను. కూర్చున్నచోటే కూర్చుంటే నీరు దిగుతుందని తెలుసు. అయినా మన అమ్మ పాదాలు అలా చూస్తే వేరు. డాక్టరు చెప్పినట్టే కుర్చీ మీద కాళ్ళు ఎత్తి పెట్టించి, గంటకోసారి పది నిమిషాలు నడిపించాను. అక్కడ ఉచితంగా పాదాలు పిసికే కుర్చీలున్నాయి. మొదట కాళ్ళు పెట్టడానికి భయపడింది. పెట్టాక మూడుసార్లు చేయించుకుంది. నేల మీద మెత్తటి తివాచీ ఉంది. చాలామంది దాని మీదే పడుకుంటున్నారు. అమ్మ కూడా కొంగు తల కింద పెట్టుకుని రెండు గంటలు పడుకుంది. లోపల ఏసీ చలి విపరీతం. శాలువా, స్వెటర్ చేతి సంచిలో ఉన్నాయి కాబట్టి సరిపోయింది. పెద్ద బ్యాగులో పెడితే అది మెల్‌బోర్న్‌లోనే మళ్ళీ కనిపించేది.

మధ్యాహ్నం కాసేపు పైనున్న తోట చూపించాను. మొత్తం జెముడు మొక్కలే. అమ్మ ఒక్కొక్కటీ దగ్గరికెళ్ళి చూసింది. "మన పొలం గట్టున కంచెకు ఉండేవే కదరా, ఎంత శ్రద్ధగా పెంచుతున్నారో చూడు" అని మురిసిపోయింది. ఎయిర్‌పోర్టులో పెరుగన్నం దొరుకుతుందని నేను అనుకోలేదు. దొరికింది. ఇద్దరి తిండికీ కూపన్లు పోను, మన డబ్బుల్లో పదిహేను వందలు అయింది. తాగే నీళ్ళు కొనక్కర్లేదు, చోటుచోటునా కుళాయిలున్నాయి. అయితే అక్కడ సెక్యూరిటీ చెక్ గేటు దగ్గరే ఉంటుంది. బాటిల్‌లో నీళ్ళుంటే పారబోయాలి. పైగా మా గేటు గదిలో బాత్‌రూం లేదు. లోపలికి వెళ్ళాక మళ్ళీ బయటకు రావాలంటే ఇబ్బంది. షుగరున్న పెద్దవాళ్ళను ముందే తీసుకెళ్ళండి.

మాత్రల టైముకు మా డాక్టరు ముందే ఒక పద్ధతి చెప్పారు. దారిలో ఉన్నంతసేపూ ఇండియా టైము ప్రకారమే వెయ్యండి, అక్కడికి చేరాక నెమ్మదిగా మార్చండి అని. అందుకే అమ్మ చేతి వాచీ మార్చలేదు. నా ఫోన్ దానంతటదే సింగపూర్ టైముకు మారిపోయింది. అమ్మ వాచీ మాత్రం పర్లాకిమిడి టైమే చూపిస్తూ ఉంది. నేను దాన్ని చూసే మాత్రలు ఇచ్చాను. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు మీ డాక్టర్‌ని అడిగి మరీ బయల్దేరండి. ఇన్సులిన్ ఎట్టి పరిస్థితుల్లోనూ చేతి సంచిలోనే ఉండాలి.

రాత్రి పదకొండుకు విమానం కదిలింది. పెద్ద విమానం. ఈసారి అమ్మకు భయం లేదు, అలసటే. సింగపూర్ భూమధ్యరేఖకు చాలా దగ్గర, నూట యాభై కిలోమీటర్లే. బయల్దేరిన అరగంటలోపే రేఖ దాటేస్తాం. ఇది చెబితే అమ్మ, "మరి కుదుపు తెలీలేదేంరా?" అంది. ఇండోనేషియా దీవులు, సముద్రం దాటి ఆస్ట్రేలియా వాయవ్య తీరం చేరేసరికి సగం దారి అవుతుంది. మిగతా మూడు వేల కిలోమీటర్లూ ఆ ఒక్క దేశం మీదే. కిటికీలోంచి చూస్తే గంటలకొద్దీ కింద ఒక్క దీపం కనిపించలేదు. మనవైపు రాత్రిపూట విమానంలోంచి చూస్తే ఎంత చిన్న ఊరైనా మినుకుమంటుంది. ఆ చీకటి చూస్తూ చెల్లెలు ఎంత దూరంలో ఉంటోందో నాకు మొదటిసారి గుండెకు తెలిసింది.

ఏడు గంటల ఇరవై నిమిషాలకు దిగాం. అక్కడ 14వ తేదీ ఉదయం 8.20.

మెల్‌బోర్న్‌లో ఇమిగ్రేషన్ కంటే తినుబండారాల తనిఖీకే ఎక్కువసేపు పట్టింది. విమానంలో ఒక కార్డు ఇస్తారు. తిండి, మొక్కలు, గింజలు, జంతువుల నుంచి వచ్చిన వస్తువులు ఏమున్నా ఉన్నాయని టిక్ పెట్టాలి. దాచి దొరికితే పెద్ద జరిమానా. చెబితే ఏమీ ఉండదు, చూసి అవసరమైతే తీసేసుకుంటారు, అంతే. చెల్లెలు ముందే చెప్పడంతో కరివేపాకు, వెల్లుల్లి, పాలకోవా ఇంట్లోనే దింపేశాం. బాలింతకని శొంఠిపొడి, కాయం, పసుపు, కారప్పొడి సీలు చేసిన ప్యాకెట్లలో పెట్టాం. ఇంకొకటి, మా ఊరి కొమ్ముపని. పుట్టబోయే బిడ్డకని అమ్మ కొమ్ముతో చేసిన నెమలి బొమ్మ కొంది. అది జంతువు నుంచి వచ్చిందే కాబట్టి కార్డులో రాశాం. తనిఖీ అధికారి బొమ్మను దీపం కిందికి పెట్టి తోక ఈకల సందుల్లో కూడా పరీక్షగా చూశాడు. శొంఠిపొడి దేనికని అడిగాడు. నేను చెప్పేలోపే అమ్మ తన పొట్ట మీద చెయ్యి పెట్టి, బిడ్డను ఊపుతున్నట్టు చేతులు చూపించింది. ఆయనకు అర్థమై నవ్వాడు. అన్నీ తిరిగి ఇచ్చేశాడు. ఆ లైన్లో యాభై నిమిషాలు పట్టింది.

బయటకు రాగానే చలి మొహం మీద కొట్టింది. మనకు జూన్ ఉక్కపోత, వాళ్ళకు అప్పుడే చలికాలం. చెల్లెలు అల్లంత దూరాన నిండు పొట్టతో నిలబడి ఉంది. అమ్మ వీల్‌చైర్‌లోంచి లేచి నడుచుకుంటూ వెళ్ళింది. ఇల్లు చేరేసరికి పదకొండు. మన టైము పొద్దున్న ఆరున్నర. పర్లాకిమిడిలో గుమ్మం దాటిన దగ్గర్నుంచి నలభై గంటల పైచిలుకు. అందులో గాల్లో ఉన్నది పదకొండున్నర గంటలే. విమానం లేటవకపోయినా పాతిక గంటలు దాటేది. కాబట్టి ఎవరైనా ఎన్ని గంటలని అడిగితే నేను ఇంటి నుంచి ఇంటికే చెబుతున్నాను.

టికెట్ మీద టైములు చూసి లెక్క వెయ్యొద్దని కూడా చెబుతున్నాను. అక్కడ రాసేవి ఏ ఊరివి ఆ ఊరి టైములు. వెళ్ళేటప్పుడు తూర్పుకు వెళ్తాం కాబట్టి ప్రయాణం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. తిరిగొచ్చేటప్పుడు తక్కువగా కనిపిస్తుంది. నా రిటర్న్ టికెట్ మీద సింగపూర్‌లో రాత్రి 8.50, విశాఖలో 10.20 అని ఉంది. చూసినవాళ్ళు గంటన్నర అనుకున్నారు. కూర్చున్నది నాలుగు గంటలు.

చేరాక అమ్మకు నిద్ర కుదరడానికి వారం దాకా పట్టింది. అక్కడ రాత్రి తొమ్మిదంటే అమ్మ ఒంటికి సాయంత్రం నాలుగున్నర. ఒంటిగంట దాకా మేలుకుని, పొద్దున్న పదింటికి లేచేది. రోజూ పొద్దున్నే బలవంతాన లేపి ఎండలో నడిపిస్తే దారిన పడింది. కాళ్ళ వాపు రెండు రోజుల్లో తగ్గింది. జులై 2న పాప పుట్టింది. పురుడు సుఖంగా అయింది.

నేను జులై 7న, రథయాత్ర రోజున, ఒక్కణ్ణే తిరిగి బయల్దేరాను. ఆ దక్షిణ దిక్కున పైన గాలులు పడమటి నుంచి తూర్పుకు బలంగా వీస్తాయి. అందుకే మెల్‌బోర్న్ నుంచి సింగపూర్‌కు వచ్చేటప్పుడు వెళ్ళినదానికంటే అరగంట ఎక్కువ పట్టింది. ఈసారి ఏదీ లేటవలేదు. తెల్లవారుజామున మూడింటికి ఇంట్లో ఉన్నాను.

అమ్మ నవంబరులో వస్తుంది, ఒంటరిగానే. ఈలోపు అక్కడ గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు, తేడా నాలుగున్నర కాస్తా ఐదున్నర అవుతుంది. మాత్రల పట్టీ దాని ప్రకారం మళ్ళీ రాసి చెల్లెలికి పంపాలి. ఆ టికెట్‌లో సింగపూర్ గ్యాప్ ఆరు గంటలు ఉండేలా మార్పించాం. దానికి ఇద్దరం కలిసి మూడు వేలు కట్టాం. వీల్‌చైర్ గురించి అమ్మే ఫోన్ చేసి మరీ గుర్తు చేసింది. పాతపట్నం బండి అబ్బాయికి తేదీ ఇప్పుడే చెప్పి ఉంచాను.